ప్లాంటు ఆగినా ట్యాంకు ఆగదు: స్టైరీన్ నిల్వలో జాగ్రత్తలు

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో షిఫ్టు ఇన్‌చార్జిలు, స్టోరేజీ యార్డు చూసేవాళ్లే ఎక్కువని చెప్పారు. అందుకని చట్టాల జాబితా చదవను. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్‌లో ఏం జరిగిందో ఒక్క ట్యాంకును పట్టుకుని చూద్దాం. ఎం6 అనే ఆ ట్యాంకులో ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవ రసాయనం స్టైరీన్ దాదాపు 1,800 టన్నులు ఉంది. లాక్‌డౌన్ వల్ల మార్చి చివరి వారం నుంచి ఉత్పత్తి లేదు. ఆ తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు.

స్టైరీన్‌ను పెట్రోలులాగా నింపి మూత పెట్టి వదిలేయడం కుదరదు. దాని అణువులు వాటంతటవే గొలుసులుగా కలుస్తూ పాలిమర్ అవుతుంటాయి, అలా కలిసినప్పుడల్లా వేడి పుడుతుంది. లెక్క చూడండి: కిలో స్టైరీన్ పూర్తిగా పాలిమర్ అయితే సుమారు 670 కిలోజౌళ్లు వెలువడతాయి. అంటే ట్యాంకులో నూటికి ఒక్క పాలు మారినా, ఆ వేడి బయటికి పోకపోతే సరుకంతా మూడున్నర డిగ్రీల పైనే వేడెక్కుతుంది. ప్రతి పది డిగ్రీలకూ వేగం రెట్టింపో, ఇంకా ఎక్కువో అవుతుంది. ట్యాంకు పెద్దదైతే మధ్యలో ఉన్న వేడి గోడల దాకా రావడమే కష్టం. 65 డిగ్రీలు దాటాక దాన్ని పట్టుకోవడం దాదాపు అసాధ్యం, 145 దగ్గర మరగడం మొదలవుతుంది. ఆ రాత్రి వెంటు, అంటే ట్యాంకు పైన గాలి పోయే గొట్టం గుండా వచ్చింది ఆ ఆవిరే.

ఇలా పాలిమర్ కావడాన్ని ఆపడానికి వేసే ఇన్హిబిటర్, అంటే నిరోధక రసాయనం, టీబీసీ (టెర్షియరీ బ్యూటైల్ క్యాటెకాల్). మోతాదు 10 నుంచి 15 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 10 నుంచి 15 పాళ్లు. అంటే 1,800 టన్నులకు 10 పీపీఎం చొప్పున 18 కిలోలు. అంత పెద్ద ట్యాంకుకు కాపలా ఒక బస్తాలో పట్టేంత పదార్థం! స్టోరులో అది అయిపోయిందని ఇండెంటు పెట్టి వారాలు ఎదురుచూడటానికి ఏ సాకూ నాకు తోచదు. ప్రమాదం జరిగాక గుజరాత్ నుంచి విమానంలో తెప్పించారు.

టీబీసీ గురించి తరచూ మరిచిపోయేవి రెండున్నాయి. ఒకటి, ద్రవంలో కరిగిన ఆక్సిజన్ లేకపోతే అది పని చేయదు. మిగతా సాల్వెంట్లకు చేసినట్టే స్టైరీన్ మీద కూడా శుద్ధమైన నైట్రోజన్ నింపితే, నిప్పు భయం తీరుతుంది గానీ ఇన్హిబిటర్‌ను చేతులారా చంపినట్టే. రెండు, అది స్టైరీన్‌తో పాటు ఆవిరిగా మారదు. ట్యాంకు పైకప్పు కింద ఆవిరి చల్లబడి చుక్కలుగా పేరుకున్నచోట టీబీసీ ఉండదు. అక్కడే పాలిమర్ గడ్డలు, వేలాడే కడ్డీలు తయారై వెంటు మూసుకుపోతుంది. కప్పు లోపలి వైపు తనిఖీ ఎప్పుడు జరిగిందో మీ లాగ్‌బుక్‌లో వెతకండి.

ఇక ఎం6 దగ్గరికొద్దాం. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ చెప్పినదాంట్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది పైపు మార్పు. 2019 డిసెంబరులో పైపులు మార్చాక, చల్లబరిచిన స్టైరీన్ అడుగునే చేరి అడుగునుంచే బయటికి పోవడం మొదలైంది. చల్లటి ద్రవం బరువు, వేడిది తేలిక. కాబట్టి పంపు తిరుగుతున్నా పై పొరలు కదల్లేదు. ఉష్ణోగ్రత సెన్సరూ అడుగునే ఉంది. కంట్రోల్ రూములో అంకె చల్లగా కనిపిస్తూనే ఉంది, పైన ఉడుకుతూనే ఉంది. దానికి తోడు స్టైరీన్‌ను చల్లబరిచే యంత్రం చిల్లర్‌ను సాయంత్రం ఐదింటికి ఆపేసేవారు. మండే వేసవిలో!

మీ యార్డులో చేయాల్సింది ఇది. ట్యాంకుకు అడుగున, మధ్యన, పైన కనీసం మూడు సెన్సర్లు పెట్టండి. నిల్వ 20 డిగ్రీల లోపు ఉంచండి, చిల్లర్ రాత్రీ పగలూ నడవాలి, దానికి డీజిల్ జనరేటర్ ఆధారం ఉండాలి. టీబీసీ వేశాక ట్యాంకంతా కలిసేలా తిప్పండి, లేదంటే అది పోసినచోటే ఉండిపోతుంది. నమూనా పై పొర నుంచీ తీయండి. పాలిమర్ ఉందో లేదో తెలియడానికి పెద్ద పరికరమేమీ అక్కర్లేదు: నమూనాను ఎక్కువ మిథనాల్‌లో పోయండి, తెల్లగా మసకబారితే పాలిమర్ ఉన్నట్టే. ఎంత ఉందన్నది ల్యాబ్ చెబుతుంది. బయట ఎండ కారణం కాకుండా రోజుకు ఒక డిగ్రీ పెరిగినా మర్నాటి దాకా ఆగకుండా అదే షిఫ్టులో టీబీసీ, ఆక్సిజన్ రెండూ చూడండి. పైపు ఒక్క అడుగు జరిపినా, "లోపల ప్రవాహం ఎటు మారుతుంది?" అన్న ప్రశ్నకు కాగితం మీద జవాబు రాసి, ప్రాసెస్ ఇంజినీరు సంతకం అయ్యాకే వెల్డరును పిలవండి.

ప్లాంటు మూసే ముందు ఎక్కువ రోజులు నిల్వ ఉండబోయే మోనోమర్‌ను (స్టైరీన్‌లాంటి, పాలిమర్ కాగల ముడి సరుకును) వీలైనంత తగ్గించడం ఇంకా మంచిది. లేని సరుకు లీకు కాదు.

చివరగా సైరన్. ఆ ప్లాంటులో దాన్ని మోగించే పాయింట్లు 36 ఉన్నాయి, ఒక్కటీ నొక్కలేదు. స్టైరీన్ ఆవిరి గాలికన్నా మూడున్నర రెట్లు బరువు. గాలి కదలని వేళ అది నేలను అంటిపెట్టుకుని పల్లానికి పాకుతుంది. జనానికి చెప్పాల్సింది గాలికి అడ్డంగా, ఎత్తుకు వెళ్లమని. ఈ మాట ఊళ్లో ముందే చెప్పి ఉండాలి, అర్ధరాత్రి అప్పటికప్పుడు చెబితే ఎవరికీ ఎక్కదు. సైరన్ నొక్కడానికి ఆపరేటరు ఎవరి అనుమతీ అడగక్కర్లేదని మేనేజరు సంతకంతో కంట్రోల్ రూము గోడ మీద అంటించండి. రాత్రి షిఫ్టులో డ్రిల్ చేసి, ఆ మోత ఊరి చివరి ఇంటిదాకా వినబడుతోందో లేదో ఇద్దరు మనుషుల్ని అక్కడ నిలబెట్టి చూడండి.