పాలు అడగని పళ్ల రొట్టె

అందరికీ నమస్కారం.

"పాలు, వెన్న లేకుండా కేకు ఎలా వస్తుందండీ?" అని ఇందాక లిఫ్టు దగ్గరే ఇద్దరు అడిగారు. మూడేళ్ల కిందట నేనూ అదే అడిగాను. మా మనవడికి పాలు పడవు. పాలు అరగకపోవడం వేరు, ఇది వేరు. అరగనివాళ్లకి పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెరతోనే పేచీ. కడుపు ఉబ్బుతుంది గానీ, పెరుగైతే చాలామంది తట్టుకుంటారు. మావాడిది ఎలర్జీ. పాల ప్రొటీన్ పిసరంత తగిలినా ఒళ్లంతా దద్దుర్లే.

వాడి కోసం మొదటిసారి అన్నీ చూసుకుని నూనెతోనే చేశాను. అలవాటైన చెయ్యి కదా, గిన్నెకి మాత్రం శుభ్రంగా నెయ్యి రాసేశాను! రొట్టె బ్రహ్మాండంగా పొంగింది. వాడు పళ్లెం పట్టుకుని కూర్చున్నాక గుర్తొచ్చింది. ఆ పూట వాడికి అరటిపండే గతి.

తర్వాత బాదం పాలు, సోయా పాలు, వెన్నకి బదులు మార్జరిన్ అంటూ కొన్నాళ్లు తిప్పలు పడ్డాను. ఖర్చు తప్ప రుచి లేదు. పైగా కొన్ని మార్జరిన్లలో కూడా పాలపొడి కలుపుతారు. డబ్బా వెనక చిన్నక్షరాల్లో 'మిల్క్ సాలిడ్స్' అని ఉంటుంది. బజార్లో దొరికే ట్యూటీ ఫ్రూటీ సంగతీ చెప్పేస్తాను. అది పచ్చి బొప్పాయి ముక్కలకి పంచదార పాకం, రంగు పట్టించింది. పళ్ల లెక్కలో వేసుకోకండి.

నా తిప్పలు తీరింది వేల్స్ దేశపు రొట్టెతో. వాళ్లు 'బారా బ్రిత్' అంటారు, అంటే మచ్చల రొట్టె. ఎండు ద్రాక్షలాంటివి రాత్రంతా టీ డికాషన్‌లో నానబెట్టి, పొద్దున్న పిండి, పంచదార, గుడ్డు కలిపి బేక్ చేస్తారు. ఇప్పుడు ఎక్కువగా చేసే పద్ధతిలో పిండిలోకి పాలు అక్కర్లేదు. ముక్క మీద వెన్న రాసుకుంటారు, అది మనం మానేద్దాం. గుడ్డు బదులు నేను అరటిపండు వేస్తాను, పంచదార వెయ్యను.

గింజ తీసిన ఖర్జూరాలు 150 గ్రాములు, కిస్‌మిస్ 100 గ్రాములు, వేడి డికాషన్ ఒక కప్పు, అంటే 200 మిల్లీలీటర్లు. రాత్రి పోసి మూత పెట్టండి. పొద్దున్నకి ఖర్జూరం వేలితో నొక్కితే గుజ్జయిపోవాలి. కీలకం అదే. ఆ గుజ్జు తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి వెన్న లేకపోయినా రొట్టె ఎండిపోదు. అందులోనే తొక్క మీద నల్ల మచ్చలు పడ్డ అరటిపండు ఒకటి చిదమండి. చక్రకేళి అయితే ఇంకా మంచిది. పావు కప్పు నూనె, కాస్త శొంఠి, యాలకుల పొడి, చిటికెడు ఉప్పు. చివర్లో 200 గ్రాముల గోధుమపిండిలో రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్ జల్లించి కలపండి. గోధుమపిండి మైదా కన్నా ఎక్కువ తడి పీలుస్తుంది. బజ్జీల పిండి కన్నా గట్టిగా, గారెల పిండి కన్నా జారుగా ఉండాలి. బిగిస్తే ఇంకాస్త డికాషన్ పోయండి. పొడి పిండి కనబడకుండా పోగానే గరిటె ఆపేయండి. చపాతీ పిండిలా మర్దించారంటే రబ్బరే.

ఓవెన్‌లో 170 డిగ్రీలు, దాదాపు 50 నిమిషాలు. ఓవెన్ లేకపోతే పాత కుక్కర్ చాలు: గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి, స్టాండు మీద గిన్నె పెట్టి సన్న సెగన గంట. పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు. వేడి మీద కొయ్యకండి, మధ్యలో హల్వాలా ఉంటుంది. మర్నాటికే ముక్క నిలుస్తుంది, రుచీ అప్పుడే.

ఆరోగ్యం మాట అడుగుతారని తెలుసు. మైదా, పంచదార లేవు, పీచు ఉంది, అంతవరకు మేలే. కానీ ఖర్జూరం తీపీ తీపే. షుగర్ ఉన్నవాళ్లు పల్చటి ముక్క ఒక్కటి తినండి, అదీ భోజనం లెక్కలో వేసుకుని. పంచదార బదులు బెల్లం వేస్తే ఫరవాలేదా అంటే, బెల్లమూ చక్కెరే.

ఇక్కడ రెండు పళ్లేలున్నాయి. ఎడమవైపు దాంట్లో వాల్‌నట్ వేశాను, నట్స్ పడనివాళ్లు కుడివైపుది తీసుకోండి, కత్తులు కూడా వేరువేరుగా పెట్టాను. రెండూ గోధుమవే, గ్లూటెన్ పడనివాళ్లు దేన్నీ ముట్టుకోవద్దు. గిన్నెలకి రాసింది ఈసారి నూనే.