రేవు కింద ఏం పెడుతున్నాం?

అందరికీ నమస్కారం. పెద్దలందరినీ పేరుపేరునా పలకరించాలి గానీ, నాకిచ్చిన సమయం తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ. మన్నించండి.

తక్కువ ఖర్చులో తేలే రేవు కట్టుకోవడానికి కింద ఏ సరుకు వాడాలో చెప్పమన్నారు. డ్రమ్ములు, ఫోమ్, పైపులు, వెదురు, ఈ వరుసలో రాసుకొచ్చాను. ముందు లెక్క చూద్దాం.

లీటరు నీరు కిలో బరువు. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము పూర్తిగా మునిగితే 200 కిలోల నీటిని పక్కకు నెడుతుంది. డ్రమ్ము సొంత బరువు 10 కిలోలు అనుకుంటే 190 కిలోలు మోయగలదు. కానీ ఆ 190 నమ్ముకుని కట్టకండి. డ్రమ్ము సగమే మునగాలి, అంటే 100 కిలోల్లో డ్రమ్ము బరువు 10 పోగా 90 కిలోలే లెక్క. పలకలు, చట్రం కలిపి 250 కిలోలు, పైన ఐదుగురు మనుషులు 400 కిలోలు. మొత్తం 650. అంటే 8 డ్రమ్ములు కావాలి. వాటిని అంచుల దగ్గర పెట్టండి. మధ్యలో గుంపుగా పెడితే, నలుగురు ఒక మూలకు నడవగానే రేవు ఒరిగిపోతుంది.

ఇక ఫోమ్, అంటే థర్మోకోల్ లాంటిది. ఇక్కడ నేను రాసుకొచ్చిన వరుస పక్కన పెడుతున్నాను.

మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. బురదలో దిగకుండా పడవ ఎక్కాలని ఆయన కోరిక. చేతిలో డబ్బు తక్కువ. ప్యాకింగ్‌లో వచ్చిన థర్మోకోల్ దిమ్మెలు ఊరికే దొరికాయి. తాడుతో కట్టి, పైన పలకలు కొట్టాను. నాన్న మొదటిసారి చెప్పులు తడవకుండా పడవలో కూర్చున్న రోజు నాకు ఇంకా గుర్తే.

మూడో ఏడు వచ్చేసరికి ఒక మూల కుంగింది. పడవ ఇంజన్‌లో పెట్రోలు పోసేది ఆ మూలనే. ఒలికిన పెట్రోలుకి థర్మోకోల్ కరిగిపోతుందని అప్పుడు నాకు తెలియదు. మిగతా దిమ్మెలను అలలు, ఎండ, ఎలుకలు కలిసి కొరికేశాయి. ఒక పొద్దున గట్టు మీదకు వెళ్తే తుంగ మొదళ్లలో అంతా తెల్లని పూసలు. జల్లెడ పట్టుకుని నాలుగు ఆదివారాలు ఏరాను. అయినా అయిపోలేదు. ఇదిగో, ఈ సీసాలో ఉన్నవి పోయిన నెల ఏరినవి. రేవు తీసేసి తొమ్మిదేళ్లయింది! చేపలు, పక్షులు వీటిని మేత అనుకుని మింగుతాయి. ఈ సీసాను వెనుక వరుస దాకా పంపండి, అందరూ చూడండి.

నాకు అమ్మింది ఎవరూ లేరు, ఊరికే వచ్చింది కాబట్టి చవక అనుకున్నాను. ఆ నీళ్లలో దిగే పిల్లలను అడిగితే చవక అంటారా? మీలో ఎవరి రేవు కింద విడి థర్మోకోల్ ఉంది? చెయ్యెత్తండి. ఎత్తినవాళ్లను నేనేమీ అనను, నేనూ అదే చేశాను. కానీ ఇంటికి వెళ్లాక తీసేయండి. ఫోమ్ వాడాలంటే గట్టి ప్లాస్టిక్ డొల్లలో పోసి మూసిన ఫ్లోట్లే వాడండి. ఖరీదెక్కువే. కొనలేనివాళ్లకు డ్రమ్ములున్నాయి.

డ్రమ్ముల్లో కూడా ఒకటి చూడాలి. ఇంతకుముందు అందులో ఏముండేది? పురుగుమందు, యాసిడ్ ఉన్న డ్రమ్ము ఎవరైనా ఊరికే ఇచ్చినా వద్దు. ఆహార పదార్థాలకు వాడినదే తీసుకోండి. ఇనుప డ్రమ్ము తుప్పు పడుతుంది, దాన్ని వదిలేయండి.

డ్రమ్ములో ఫోమ్ నింపితే ఇంకా బాగా తేలుతుందని చాలామంది అంటారు. తేలదు. లోపల గాలి ఉన్నప్పుడు ఎంత తేలుతుందో, నింపాక ఫోమ్ బరువు మేరకు అంతకంటే తక్కువే తేలుతుంది. చిల్లు పడినా మునగకుండా ఉండటానికి మాత్రమే అది పనికొస్తుంది.

అసలు టెన్షన్ బిరడాల దగ్గరే. పగటి ఎండకి డ్రమ్ములో గాలి వ్యాకోచిస్తుంది, రాత్రి చల్లబడి ముడుచుకుంటుంది. బిరడా వదులుగా ఉండి నీళ్లలో మునిగి ఉంటే, ముడుచుకునేటప్పుడు నీటిని లోపలికి పీలుస్తుంది. అందుకే బిరడా మరలకు టేపు చుట్టి, సీలెంట్ పూసి బిగించండి. డ్రమ్మును పడుకోబెట్టేటప్పుడు రెండు బిరడాలూ ఒకే ఎత్తులో ఉండేలా తిప్పండి. మామూలు రోజుల్లో డ్రమ్ము సగం కంటే తక్కువే మునుగుతుంది కాబట్టి, రెండూ నీటికి పైన ఉంటాయి.

పైపుల గురించి, వెదురు గురించి చెప్పే సమయం లేదు. వెదురు నీరు పీల్చుకుని బరువెక్కుతుంది, ఒకటి రెండు సీజన్లకు సరే. పైపులకు రెండు చివర్లా మూతలు గట్టిగా అతకాలి.

బయట నీళ్ల తొట్టి పక్కన ఒక డ్రమ్ము, టేపు, పట్టీలు పెట్టాను. బిరడా బిగించడం చేతులతో చేసి చూపిస్తాను, రండి. ఆ సీసా మాత్రం నాకు తిరిగి ఇవ్వండి, అది ఇంకా నిండలేదు.