జబ్బు పడని మొక్క
(బెంగళూరులో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ సభలో ఉన్నవారిలో చాలామందికి అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు ఇంకా పొలాలున్నాయి. ఇక్కడ ఉద్యోగాలు చేస్తూనే, వాన పడిందా అని ఊరికి ఫోను చేసి అడిగేవాళ్లు మీరు. అంటువ్యాధుల పరిశోధన గురించి మాట్లాడమన్నప్పుడు, ఆసుపత్రిని పక్కన పెట్టి వేరుశనగ చేనుతో మొదలుపెట్టాలనిపించింది.

2000వ సంవత్సరం ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా వేరుశనగ మీద ఒక తెగులు విరుచుకుపడింది. లేత ఆకుల మీద మచ్చలు, ఆ వెనకే నల్లబడిన కాండం, మాడిన మొవ్వు, చివరికి మొక్కే చచ్చిపోవడం. సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లు దెబ్బతిన్నాయి. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా వేశారు. మొదట దాన్ని పాత మొవ్వుకుళ్లు తెగులే అనుకున్నారు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి మరి. పరీక్ష చేస్తే ఆ వైరస్ దొరకలేదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, మన వ్యవసాయ శాస్త్రవేత్తలు వెతగ్గా వెతగ్గా, టొబాకో స్ట్రీక్ అనే మరో వైరస్ బయటపడింది.

అది చేలోకి ఎలా వచ్చింది? గట్ల మీద, బీళ్లలో, బస్టాండు వెనక, ఎక్కడ పడితే అక్కడ పెరిగే వయ్యారిభామ నుంచి వచ్చింది. వైరస్ ఆ మొక్కలోనే కాపురం ఉంటుంది, మొక్కకు మాత్రం ఏమీ కాదు. ఆకు పచ్చగా ఉంటుంది, పువ్వు నిండుగా పూస్తుంది. ఆ పువ్వు పుప్పొడిలో వైరస్ ఉంటుంది. పువ్వుల్లో తిరిగే తామరపురుగులు పుప్పొడిని ఒంటికి అంటించుకుని వేరుశనగ మీద వాలుతాయి. కొంత పుప్పొడి గాలికి కూడా వచ్చి ఆకుల మీద పడుతుంది. తామరపురుగు ఆకును గీకి రసం పీల్చేటప్పుడు అయ్యే గాయంలోంచి వైరస్ లోపలికి దిగుతుంది.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. చేలో తెగులు సోకిన వేరుశనగ మొక్కలను రైతు ఒక్కొక్కటిగా పీకేశాడనుకుందాం. లాభం లేదు, ఎందుకంటే ఈ వైరస్ వేరుశనగ నుంచి వేరుశనగకు పాకదు. వేరుశనగ విత్తనం ద్వారా కూడా రాదు. కూలి డబ్బులు పోయాయి, ఒళ్లు హూనమైంది, తెగులు మాత్రం తగ్గలేదు. పీకాల్సింది గట్టు మీద నిక్షేపంగా ఉన్న వయ్యారిభామను, అదీ పూతకు రాకముందు. చేను చుట్టూ జొన్న గానీ సజ్జ గానీ దట్టంగా కొన్ని వరసలు వేస్తే పురుగుకు అడ్డుకట్ట అవుతుంది. పక్క చేలో పొద్దుతిరుగుడు వేయకపోవడం మేలు.

పొద్దుతిరుగుడు అన్నాను కాబట్టి ఒక మాట చెప్పాలి. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఇక్కడి నుంచి హైదరాబాదు వెళ్లే దారిలో బాగేపల్లి ఉంది కదా, సగం ఊరు తెలుగే మాట్లాడుతుంది. 1997లో పొద్దుతిరుగుడులో మాడు తెగులు మన దేశంలో మొదట నమోదైంది ఆ ప్రాంతంలోనే. అదీ ఈ వైరస్ వల్లేనని తర్వాత తేలింది. బాగేపల్లి దాటితే అప్పటి అనంతపురం జిల్లా సరిహద్దు. మధ్యలో మూడేళ్లు గడిచాయి. పంట వేరు, రాష్ట్రం వేరు. పొద్దుతిరుగుడు రైతుకు తగిలిన దెబ్బ వేరుశనగ రైతుకు హెచ్చరిక కావలసింది, కాలేదు.

ఇక అడవికి వెళదాం. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు, కొండముచ్చులు చచ్చి పడటం, అదే సమయంలో చుట్టుపక్కల ఊళ్లలో మనుషులకు తీవ్రమైన జ్వరాలు రావడం మొదలైంది. పుణెలోని వైరస్ పరిశోధన కేంద్రం వారు ముందు దోమల ద్వారా వచ్చే ఎల్లో ఫీవర్ ఏమోనని కంగారుపడ్డారు. అది పిడుదుల ద్వారా వచ్చే ఒక కొత్త వైరస్ అని తేలింది. మనం దాన్ని కోతుల జ్వరం అంటున్నాం. సోకినవారిలో నూటికి ముగ్గురి నుంచి ఐదుగురి దాకా చనిపోతారు. మనిషి నుంచి మనిషికి అంటదు. డిసెంబరు నుంచి మే వరకు, జనం కట్టెలకూ ఎండుటాకులకూ అడవికి వెళ్లే రోజుల్లో ఎక్కువగా వస్తుంది. కోతి చచ్చిపోగానే దాని ఒంటి మీది పిడుదులు దిగి కొత్త ఒళ్లు వెతుక్కుంటాయి.

పేరు కోతిది గానీ, ఇక్కడ కూడా ఏమీ ఎరగనట్టుండే జీవి ఒకటి ఉంది, మన ఆవు. ఆవుకు ఈ జ్వరం రాదు. కానీ అడవిలో మేసే ఆవుల రక్తం తాగి పెద్ద పిడుదులు గుడ్లు పెడతాయి, సంతతి పెరుగుతుంది. ఈ నగరంలోని పర్యావరణ పరిశోధన సంస్థ ఏట్రీ, యెలహంకలోని పశువ్యాధుల సమాచార సంస్థ నివేది, బ్రిటన్ పర్యావరణ శాస్త్రవేత్తలు కలిసి జబ్బు వచ్చిన ఊళ్లను పటం మీద పెట్టి పరిశీలించారు. తడి అడవులూ తోటలూ కలగలిసి, నాటు పశువులు ఎక్కువగా ఉన్న చోట్ల జబ్బు ముప్పు ఎక్కువని తేలింది. అంటే అడవి లోపలి కన్నా అడవినీ ఊరినీ కలిపే అంచు మీద చూపు నిలపాలి. పాత టీకా పస తగ్గిపోవడంతో 2022లో దాని వాడకం ఆగిపోయింది. కొత్త టీకా కోసం భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ కలిసి పనిచేస్తున్నాయి. అది వచ్చేదాకా అడవి పక్క ఊళ్లకు ఒంటికి రాసుకునే తైలమూ, జాగ్రత్తా తప్ప మరో దిక్కు లేదు. ఇన్నేళ్లయినా ఆ ఊళ్ల పరిస్థితి ఇదే కావడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మనుషుల్లోనూ ఇలాంటివాళ్లుంటారు. కోవిడ్ సోకినా లక్షణాలు లేనివారు పరీక్షకు రారు, లెక్కలోకీ రారు. అయినా వారి మలంలో వైరస్ ఆనవాళ్లు ఉంటాయి. అందుకే బెంగళూరులోని జీవశాస్త్ర, జన్యుశాస్త్ర పరిశోధన సంస్థలైన ఎన్‌సీబీఎస్, టిగ్స్ పరిశోధకులు మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తెచ్చి, ఏ ప్రాంతంలో వైరస్ పెరుగుతోందో, ఏ రకం వస్తోందో చూశారు. ఎవరి పేరూ అడగనక్కరలేదు, ఎవరి ముక్కులోనూ పుల్ల పెట్టనక్కరలేదు. ఇంత చవకగా ఇంతమంది ఆరోగ్యం తెలుసుకునే మార్గం నాకు మరొకటి తెలియదు. కోవిడ్ తగ్గినంత మాత్రాన దీన్ని ఆపకూడదు.

పశువుల విషయం క్లుప్తంగా చెబుతాను. 2022లో లంపీ చర్మ వ్యాధితో దేశంలో లక్షకు పైగా పశువులు చనిపోయాయి. ఆ వైరస్ జన్యుక్రమాన్ని ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థ చదివింది. రెండు రకాలు తిరుగుతున్నాయనీ, వాటిలో ఒకటి 2015లో రష్యాలో కనిపించినదానికి దగ్గరగా ఉందనీ తేల్చింది. అప్పట్లో మన చేతిలో ఉన్నది మేకల బొబ్బ రోగం టీకాయే, దాన్నే పశువులకు వేశారు. ఇప్పుడు కోలారు జిల్లా మాలూరులోని బయోవెట్ ప్రత్యేకమైన టీకా తెచ్చింది. టీకా పడిన పశువునూ, జబ్బు చేసిన పశువునూ రక్తపరీక్షతో వేరుచేసి చెప్పగలగడం దీని విశేషం. జబ్బు ఎంత పాకిందో లెక్క తీయాలంటే ఈ తేడా తెలిసి తీరాలి.

వైరస్ అనేదాని జాడ శాస్త్రానికి మొదట దొరికింది పొగాకు ఆకులో. 1898లో పశువుల గాలికుంటు వైరస్ బయటపడింది. 1901లో గానీ మనిషి వంతు రాలేదు, అది ఎల్లో ఫీవర్. ఆకు నుంచి పశువుకూ, పశువు నుంచి మనిషికీ వచ్చిన శాస్త్రం ఇది. ఇప్పుడేమో మొక్కలు వ్యవసాయ శాఖవి, పశువులు పశుసంవర్ధక శాఖవి, కోతులు అటవీ శాఖవి, జ్వరం వచ్చిన మనిషి ఆరోగ్య శాఖవాడు. నాలుగు రిజిస్టర్లు, నాలుగు గదులు. చచ్చిన కోతి వార్త ఆసుపత్రికి ఆలస్యంగా చేరితే ఆ నష్టం కట్టెలకు వెళ్లిన మనిషిది.

మీలో కంప్యూటర్ రంగంలో ఉన్నవారు ఎక్కువ. ఈ రిజిస్టర్లను కలిపి చదివే పనిలో పరిశోధకులకు మీలాంటివారి సాయం కావాలి. యెలహంక దూరమేమీ కాదు, నివేదిలో ఏ జిల్లాలో ఏ పశువ్యాధి రావచ్చో ముందుగా అంచనా కట్టే పని ఇప్పటికే జరుగుతోంది. శివమొగ్గ వంటి మలనాడు కొండప్రాంతాల వైపు విహారానికి వెళ్లినప్పుడు చచ్చిన కోతి కనిపిస్తే దగ్గరికి వెళ్లకండి, పిల్లలను వెళ్లనివ్వకండి, అటవీ సిబ్బందికో ఆరోగ్య కేంద్రానికో వెంటనే చెప్పండి. వేరుశనగ వేసే ఇళ్లవారైతే, తొలకరి పడ్డాక ఊరికి చేసే ఫోనులో గట్ల మీద వయ్యారిభామ ఎంత ఎత్తు పెరిగిందో కూడా అడగండి. పూత రాకముందే పీకించండి. ఇక మీ ప్రశ్నలు వింటాను.