తిరిగి ఇవ్వాల్సిన పుస్తకమే చదువుతాం

నమస్కారం. ఈ రోజు పుస్తకాల గురించీ పాటల గురించీ మాట్లాడుకుందాం. ఏది గొప్ప పుస్తకం, ఏది గొప్ప పాట అనే చర్చ కాదు. మన ఇళ్ళలో చదవడం, వినడం ఎలా సాగేవి, ఇప్పుడు ఎక్కడ ఆగిపోయాయి అన్నదే నా ఆలోచన.

ఎవరిని కదిపినా ఒకే మాట వినిపిస్తోంది. "చదవాలనే ఉందండీ, టైమ్ దొరకట్లేదు." కొనడానికి మాత్రం ఎవరూ వెనకాడట్లేదు. విజయవాడలో ఏటా కొత్త సంవత్సరం రోజుల్లో జరిగే పుస్తక మహోత్సవానికి వెళ్ళి చూడండి, సంచులు మోసుకుంటూ బయటికొచ్చే వాళ్ళే కనిపిస్తారు. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో సాయంత్రం పూట నడవడానికి చోటుండదు. అలా కొన్నవి ఇంటికొచ్చి బీరువా ఎక్కుతాయి. మళ్ళీ ఏడాది ఇంకో సంచి.

టైమ్ లేదన్న మాటను నేను ఒప్పుకోను. మన అమ్మమ్మలకు, అమ్మలకు టైమ్ ఎక్కడుంది? పొద్దున్నే నీళ్ళు పట్టుకోవాలి, పొయ్యి ముట్టించాలి, పదిమందికి వండి వడ్డించాలి. అయినా మధ్యాహ్నం అందరి భోజనాలయ్యాక, వంటింటి గడప దగ్గర కూర్చుని నవల చదివారు. రాత్రి దీపం తగ్గించమని ఎవరో కసురుకుంటున్నా చదివారు. ఎందుకంటే ఆ పుస్తకం వాళ్ళది కాదు. రేపు తిరిగి ఇచ్చేయాలి.

నేను చెప్పదలచుకున్నది ఇదే. మనల్ని పాఠకుల్ని చేసింది గడువు.

అద్దె పుస్తకాల షాపు ఎలా నడిచేదో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఒక చిన్న గది, కొన్నిచోట్ల కిళ్ళీ కొట్టు పక్కన చెక్క బడ్డీ. కొంత డిపాజిట్ కడితే మీ పేరు మీద ఖాతా. షాపాయన దగ్గర పొడుగాటి నోటు పుస్తకం ఉంటుంది. అందులో మీ నంబరు, పుస్తకం నంబరు, తేదీ. అద్దె రోజుకింత. ఆలస్యమైతే ఇంకో రోజు అద్దె పడుతుంది, అందుకని ఇంట్లో వరసలు కట్టేవాళ్ళు. మధ్యాహ్నం అమ్మ, సాయంత్రం అక్క, రాత్రి పిన్ని, తెల్లారేసరికి పక్కింటి అత్తయ్యగారు. ఒక్క రోజు అద్దెకి నాలుగు చదువులు. మార్చుకురావడానికి పిల్లల్ని పంపేవాళ్ళు. ఆ దారిలో నడుస్తూ నాలుగు పేజీలు చదివేసిన పిల్లలే తర్వాత పెద్ద చదువరులయ్యారు.

ఆ షాపులో మనం అడిగింది దొరక్కపోవడం కూడా మన మంచికే జరిగింది. డిటెక్టివ్ నవల కోసం వెళితే అది అప్పటికే ఎవరో తీసుకెళ్ళి ఉంటారు. "ఇది తీసుకెళ్ళండి, బావుంటుంది" అని షాపాయన ఇంకోటి చేతిలో పెడతాడు. ఒట్టి చేతులతో ఇంటికెళ్ళడం ఎందుకని తెచ్చుకుంటాం. తెచ్చాక అద్దె దండగ కాకూడదని చదువుతాం. అలా డిటెక్టివ్ చదివే మనిషి కుటుంబ నవలకొచ్చాడు, కుటుంబ నవల చదివే మనిషి బెంగాలీ అనువాదానికొచ్చింది. ఇష్టం అనేది పుట్టుకతో వచ్చిందని మనం అనుకుంటాం గానీ, చాలావరకు అది చేతికందిన దాన్నిబట్టి పెరిగిందే.

ఇదిగో, ఈ బైండు చూడండి. కెమెరాకి కొంచెం దగ్గరగా పెడుతున్నాను. ఇది అచ్చైన పుస్తకం కాదు. వారపత్రికలో వచ్చిన సీరియల్‌ని వారం వారం చించి, దాచి, చివరికి బైండింగ్ చేయించుకున్నది. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి వీక్లీలు వచ్చిన రోజుల్లో ఎన్నో ఇళ్ళలో ఈ పని చేశారు. ఈ పేజీ వెనక చూడండి, సగం తెగిన జోకు ఉంది. ఇక్కడ తలనూనె ప్రకటన. అంచున దారం కుట్టు లోపలికి పోయి, కొన్ని అక్షరాలు మింగేసింది. అసలు చూపించాలనుకున్నది ఈ పేజీలు. ఉన్నట్టుండి కాగితం మారిపోయింది కదా? రూళ్ళ కాగితం, నీలం సిరా, చేతిరాత. ఆ వారం సంచిక దొరకలేదన్నమాట. ఎవరి దగ్గరో తెచ్చుకుని, ఆ భాగం మొత్తం ఎత్తి రాసుకుని, మళ్ళీ వాళ్ళకిచ్చేసి, ఈ కాగితాలు ఇక్కడ పెట్టి కుట్టించారు. ఎవరు రాశారో పేరు లేదు. ఇంత ఓపికగా ఒక కథని ప్రేమించిన మనిషిని టైమ్ గురించి అడగగలమా?

సీరియల్ అంటేనే గడువు. గురువారం వస్తుందంటే బుధవారం నుంచే ఎదురుచూపు. చందమామ 1947 జులైలో మొదలైంది. నెలకొక్కసారి వచ్చేది. అందులో దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలు, వాటికి చిత్రా గారి బొమ్మలు. కథ సరిగ్గా ప్రమాదం ముంచుకొచ్చే చోట ఆగేది. ఇక నెలంతా పిల్లలు ఆ తర్వాత ఏమవుతుందో వాళ్ళే కథలల్లుకునేవాళ్ళు. చదవడంలో సగం ఆ ఎదురుచూపులోనే జరిగిందని నాకనిపిస్తుంది.

1995లో జెమిని, ఈటీవీ వచ్చాక ఆ ఎదురుచూపు టీవీ సీరియల్‌కి వెళ్ళిపోయింది. అద్దె షాపులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. దీనికి ఆడవాళ్ళని తప్పుపట్టేవాళ్ళంటే నాకు కోపం. కథ కావాలన్న కోరిక వాళ్ళలో తగ్గలేదు. రేపటి కోసం ఎదురుచూసేలా చేసే సరుకు పుస్తకాల వైపు ఆగిపోయింది, అంతే.

ఇక పాటల సంగతికొద్దాం. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. పొద్దున్నే భక్తిరంజని, ఆ తర్వాత వార్తలు, మధ్యలో లలిత సంగీతం. ఆ వరస మనం పెట్టుకున్నది కాదు. సినిమా పాట కోసం రేడియో పెడితే, అది వచ్చేలోపు ఒక జానపదం, ఒక కీర్తన, ఒక లలిత గీతం చెవిన పడేవి. సంగీతం నేర్చుకోని ఇళ్ళలో కూడా పిల్లలు త్యాగరాజ కీర్తన ఎత్తుగడ వింటే గుర్తుపట్టేవాళ్ళు, కారణం ఇదే. "ఈ పాట నేర్చుకుందాం" అని ఒక కార్యక్రమం వచ్చేది. గురువుగారు ఒక్కో చరణం పాడి ఆపితే, రేడియో ముందు కాగితం, పెన్సిలు పెట్టుకుని రాసుకునేవాళ్ళు. తప్పిపోతే మళ్ళీ వారం దాకా ఆగాల్సిందే. శ్రీలంక నుంచి మీనాక్షి పొన్నుదురై గారు తెలుగు పాటలు వేస్తుంటే, గరగరల మధ్యలోంచి ఆ గొంతు పట్టుకోవడానికి రేడియోని కిటికీ దగ్గరికి జరిపినవాళ్ళు మీ ఇళ్ళలోనూ ఉంటారు, అడిగి చూడండి.

తర్వాత క్యాసెట్లు వచ్చాయి. రికార్డింగ్ షాపుకి ఖాళీ క్యాసెట్, పాటల చీటీ తీసుకెళ్ళేవాళ్ళం. 60 నిమిషాల క్యాసెట్, ఒక్కో వైపు 30 నిమిషాలు. ఎన్ని పాటలు ఇష్టమైనా అందులో పట్టేవి పదిహేను, మహా అయితే పదహారు. అంటే ఏదో ఒకటి కొట్టేయాలి. ఆ చీటీ మీద కొట్టివేతలు, బాణం గుర్తులు, పైది కిందికి, కిందిది పైకి. ఏ పాట నిజంగా ఇష్టమో అప్పుడు తేలేది. ఇప్పుడు ఫోన్‌లో అన్ని పాటలూ ఉన్నాయి, ఏదీ కొట్టేయక్కర్లేదు. పల్లవి అయ్యేలోపు తర్వాతి పాటకి వెళ్ళిపోతున్నాం. పైగా ఆ యాప్ మనకి నచ్చినలాంటివే మళ్ళీ మళ్ళీ పెడుతుంది. అద్దె షాపాయన చేసినట్టు కొత్తది చేతిలో పెట్టేవాడు లేడు. నన్నడిగితే నష్టమంతా అక్కడే ఉంది.

ఒక మాట ఒప్పుకోవాలి. కవిత్వానికి ఈ గడువు లెక్క పనికిరాదు. పద్యాల పుస్తకం కొనుక్కోండి, మంచం పక్కన పెట్టుకోండి, ఏళ్ళ తరబడి చదువుకోండి. నిఘంటువులూ అంతే. నేను చెబుతున్నది నవలలు, కథలు, ఆత్మకథలు, యాత్రల పుస్తకాల గురించి. ఇవి అరువు తెచ్చుకుంటేనే నడుస్తాయి.

అరువు ఎక్కడ దొరుకుతుంది? మీ ఊరి శాఖా గ్రంథాలయంలో. గ్రంథాలయాల విషయంలో మనకున్న చరిత్ర చిన్నది కాదు. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో వెలిసింది. విజయవాడలో 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారి చొరవతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. పాతూరి నాగభూషణం గారు 1935లో కృష్ణా కాలువల్లో పడవ మీద పుస్తకాలు తిప్పారు. పడవ ప్రయాణం గంటల తరబడి సాగేది, ఎక్కిన మనిషి దిగే రేవు వచ్చేలోపు చదివి ఇచ్చేయాలి. గడువు బలం ఆ పెద్దాయనకి తెలుసనే నా నమ్మకం.

ఈ వారం ఇలా చేసి చూడండి. లైబ్రరీలో సభ్యత్వం తీసుకోండి. కట్టేది చిన్న డిపాజిట్, మానేస్తే వెనక్కిస్తారు. పుస్తకం మీద తేదీ వేసి ఇస్తారు, ఆ తేదీ ఫోన్‌లో కాకుండా వంటింటి క్యాలెండర్ మీద రాయండి. లైబ్రరీ దూరమైతే మీ బీరువాలోంచి ఒకటి తీసి స్నేహితురాలికిచ్చి, వాళ్ళది ఒకటి తెచ్చుకోండి, ఆదివారం మార్చుకుందామని గట్టిగా అనుకోండి. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఇలా వంతులవారీగా ఒకే పుస్తకం తిప్పుకోవచ్చు, అక్కడ తెలుగు పుస్తకం దొరకడమే కష్టం కాబట్టి ఇంకా బాగా సాగుతుంది. పాటలకైతే 60 నిమిషాల చీటీ ఒకటి రాసుకుని, వారమంతా అదే వరసలో, దాటవేయకుండా వినండి. అందులో రెండు పాటలు ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి వేయండి. రేడియో కావాలంటే న్యూస్‌ఆన్‌ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి తెలుగు కేంద్రాలు వస్తాయి.

లైబ్రరీకి వెళ్ళేముందు వేళలు కనుక్కోండి. చాలాచోట్ల ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరుస్తారు, శుక్రవారం సెలవు ఉంటుంది. వెళ్ళాక మీకు కావాల్సిన పుస్తకం లేదంటే ఊరుకోకండి, తెప్పించమని కాగితం రాసి ఇవ్వండి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కింద కడుతున్నది మనమే.