నొప్పి లేని మచ్చ

(మహారాష్ట్రలోని సిరొంచలో ఆశా కార్యకర్తలు, మహిళా సంఘాల సభ్యుల ముందు ఒక సైన్సు టీచరు చేసిన ప్రసంగం)

అమ్మలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం.

మా మేనత్త కట్టెల పొయ్యి మీది గంజి గిన్నెను బట్ట లేకుండానే దించేది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. "అత్తా, చెయ్యి కాలదా?" అని అడిగితే "అలవాటైపోయిందిరా" అనేది. సాయంత్రానికి చిటికెన వేలి పక్కన బొబ్బ లేచేది. అది ఎప్పుడు లేచిందో ఆమెకే తెలిసేది కాదు. తునికాకు సీజన్‌లో కట్టలు కట్టడంలో మా వాడలో ఆమెను మించినవాళ్లు లేరు. అలాంటి మనిషికి ఒక ఏడాది కట్టే నార వేళ్ల సందుల్లోంచి జారిపోవడం మొదలైంది. అంతకు మూడు నాలుగేళ్ల ముందు నుంచే ఆమె మోచేతి కింద రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చ ఉంది. దురద లేదు, నొప్పి లేదు. నొప్పి లేనిదానికి ఆస్పత్రికి ఎవరు పోతారు?

ఆ మచ్చకు నొప్పి ఎందుకు లేదో డిగ్రీలో జీవశాస్త్రం చదివాక గానీ నాకు అర్థం కాలేదు. అదే ఇవాళ మీకు చెబుతాను.

అది కుష్టు. మనం పెద్దరోగం అంటాం, మరాఠీలో మహారోగం అంటారు. దానికి కారణమైన క్రిమిని 1873లో నార్వే డాక్టర్ హాన్సెన్ గుర్తించాడు. ఇది మన కణాల లోపల ఉంటేనే బతికే బాక్టీరియా. మన ఒంట్లో కాపలా కణాలుంటాయి. బయటి క్రిమి కనబడితే మింగేసి, లోపల ఒక సంచిలో వేసి, ఆమ్లంతో అరిగించేస్తాయి. కుష్టు క్రిమినీ అలాగే మింగుతాయి, కానీ అది అరగదు. ఆ సంచి మీద అరిగించే రసాలు పడకుండా అడ్డుపడుతుంది. పైగా ఆ కణం చేతే కొవ్వు పోగు చేయించుకుని, ఆ కొవ్వు మధ్యే కాపురం పెడుతుంది. మైక్రోస్కోపులో చూస్తే ఆ కణం నురుగు పట్టినట్టు ఉంటుంది. టీబీ క్రిమి దీనికి దాయాది, దానికీ ఈ విద్య వచ్చు.

నరాల దగ్గర ఇది చేసే పని మాత్రం ఆ దాయాదికి రాదు. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు నరాల పోగులకు ష్వాన్ కణాలనే తొడుగు ఉంటుంది. కుష్టు క్రిమి ఆ కణాల పైపొరను పట్టుకుని లోపలికి దిగుతుంది. కాపలా కణాలు అంత తేలిగ్గా చేరలేని చోటు అది. 2013లో ఎలుకల కణాల మీద చేసిన ప్రయోగాల్లో ఒక వింత బయటపడింది. క్రిమి దిగిన కొన్నాళ్లకు ష్వాన్ కణం తానెవరో మరిచిపోయింది. తన జన్యువులు కొన్ని ఆగిపోయి, పిండంలో ఉండే మూలకణం లాంటిదిగా మారి, కదలడం మొదలుపెట్టింది. లోపలున్న క్రిమి దానితో పాటే ప్రయాణం చేసి వేరే కణజాలాల్లోకి చేరింది.

అమెరికా ఖండంలో అర్మడిల్లో అనే జంతువు ఉంది. మన అలుగులాగే దాని ఒళ్లంతా కవచం. దానికీ కుష్టు వస్తుంది. క్రిమి సోకిన అర్మడిల్లోల కాలేయం పెద్దదవుతుందని 2022లో చూపించారు. వాచి పాడైపోవడం కాదు, ఆరోగ్యంగానే పెరుగుతుంది. తాను ఉండే ఇంటికి తానే గదులు కట్టించుకుంటోంది ఆ క్రిమి! ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

కణాలకే ఇంతగా అతుక్కుపోవడం వల్ల అది పోగొట్టుకున్నదీ ఉంది. దాని జన్యువుల్లో పనిచేసేవి సుమారు 1,600 మాత్రమే, 1,100కు పైగా చెడిపోయి పడి ఉన్నాయి. అందుకే గాజు పళ్లెంలో దాన్ని ఇప్పటికీ ఎవరూ పెంచలేకపోయారు. రాత్రి తోడేస్తే పొద్దుటికి పాలు పెరుగవుతాయి కదా, అంత వేగంగా పెరుగుతుంది తోడులోని బాక్టీరియా. ఇది ఒకటి రెండు కావడానికి 12 నుంచి 14 రోజులు తీసుకుంటుంది. సోకిన తర్వాత మచ్చ కనబడటానికి సగటున అయిదేళ్లు, ఒక్కోసారి 20 ఏళ్లు. ఈలోగా నరం లోపల్లోపలే దెబ్బతింటుంది. వేడి తెలియదు, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. మోచేతి దగ్గరి నరం చెడితే చిటికెన వేలు, ఉంగరపు వేలు వంగిపోతాయి.

మా అత్తకు అదే జరిగింది. చివరికి ఆస్పత్రికి తీసుకెళ్లారు, మందులిచ్చారు, క్రిమి చచ్చింది. వంగిన వేళ్లు మాత్రం వంగినట్టే ఉండిపోయాయి. జబ్బు నయమైన తర్వాత కూడా మా ఇంట్లో ఆమెకు కంచం వేరు, గ్లాసు వేరు. ఆ కంచాన్ని నేనూ ముట్టుకోలేదు. ఆమె పోయి చాలా ఏళ్లయింది, అది నాకు ఇప్పటికీ కలుక్కుమంటుంది. నూటికి 95 మంది ఒంట్లో ఈ క్రిమిని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉందనీ, మందు మొదలైన కొద్ది రోజుల్లోనే రోగి నుంచి అది అంటదనీ అప్పుడు మాకెవరూ చెప్పలేదు. మన చట్టం కూడా 2019 దాకా కుష్టును విడాకులకు ఒక కారణంగా ఉంచింది.

మందు ఉచితం. అయిదు మచ్చల దాకా ఉంటే ఆరు నెలలు, ఎక్కువుంటే ఏడాది. ఆశా అక్కలకు ఒక మాట. రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం ఎర్రగా వస్తుంది, క్లోఫాజిమిన్‌తో చర్మం నల్లబడుతుంది. రక్తం పోతోందని టెన్షన్ పడి మధ్యలో మానేసేవాళ్లున్నారు. మొదటి బిళ్ల ఇచ్చే రోజే ఆ సంగతి చెప్పండి.

ఈ టేబుల్ మీద దూది పెట్టాం. దూది కొసను పురిపెట్టి మచ్చ మీద ఒకసారి, మామూలు చర్మం మీద ఒకసారి తాకించాలి. అవతలి మనిషి కళ్లు మూసుకుని, తగిలిన చోటును వేలితో చూపించాలి. ఆడవాళ్ల వీపు, తొడల మీది మచ్చలు ఎవరి కంటా పడవు, అందుకే వెనక గదిలో పరదా కట్టించాం. ముందు చిన్నపిల్లలతో మొదలుపెడదాం, వాళ్లను తీసుకుని రండి.