ఇంటిపట్టున ఉండేవాళ్ళ బీచ్ ట్రిప్: కడప నుంచి మైపాడు దాకా

[కెమెరా ముందు. ఇంటి వసారా, కింద నల్ల కడప బండలు. మధ్యాహ్నం వెలుగు.]

నమస్తే. కడప జిల్లాకి సముద్రం లేదు, అనంతపురానికి లేదు, కర్నూలుకీ లేదు. అందుకే ఎండాకాలం సెలవులు వస్తూనే మన ఇళ్ళలో పిల్లలు అడిగేది ఒకటే: "నాయనా, ఈసారన్నా బీచ్‌కి తీసకపోవా?" ఇల్లంతా సంబరపడుతుంది. ఒక్కరు మాత్రం ఏమీ అనకుండా వంటింట్లోకో, మిద్దె మీదికో పోతారు. పిల్లల మీద ప్రేమ తక్కువై కాదు. సొంత మంచం, సొంత బాత్రూము, సాయంత్రం పూట తమ కుర్చీ, ఇవి దూరమైతే వాళ్ళకి ఏదీ తోచదు. ఈ వీడియో వాళ్ళ కోసం. వాళ్ళని వెంట తీసుకుపోవాలని ఆశపడే ఇంటివాళ్ళ కోసం కూడా.

నేనూ ఆ కోవ మనిషినే. సముద్రమంటే ప్రాణం, ఇల్లు వదలడమంటే కష్టం. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చని ఇంట్లో అందరూ ఒప్పుకుంటే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం ఏర్పాట్లది.

[యానిమేషన్: నిద్రపోతున్న మనిషి తల. మెదడులో కుడి సగం చీకటిగా, ఎడమ సగం సన్నగా వెలుగుతూ.]

మొదట నిద్ర సంగతి చూద్దాం. కొత్త చోట మొదటి రాత్రి నిద్ర పట్టదని మన జేజిలు ఎప్పటినుంచో చెప్తున్నదే. 2016లో అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని కొలిచి చూశారు. కొత్త చోట మొదటి రాత్రి మెదడు రెండు సగాలూ ఒకేలా గాఢనిద్రలోకి పోవు. ఎడమ సగం కొంత అప్రమత్తంగా ఉండి, చిన్న చప్పుడుకి కూడా తొందరగా స్పందిస్తుంది. ఇల్లు కాని చోట కాపలా కాస్తుందన్న మాట. అదే మనుషులు అదే చోట ఇంకోసారి పడుకుంటే ఆ తేడా కనిపించలేదు. వాళ్ళందరూ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే. కాబట్టి "నీకేమో అన్నీ అనుమానాలే, పడుకుంటే నిద్ర రాదా" అని ఎవరినీ తప్పు పట్టొద్దు.

ఇప్పుడు మనవాళ్ళు ట్రిప్ వేసే తీరు చూడండి. ఒక రాత్రి నెల్లూరు, ఒక రాత్రి చెన్నై, ఒక రాత్రి పాండిచ్చేరి, వస్తూ వస్తూ తిరుపతి. మెదడు లెక్కలో అవి నాలుగూ మొదటి రాత్రులే. ఇంటికొచ్చేసరికి మనిషి పీల్చిపిప్పి అయ్యుంటాడు, "ఇంకెప్పుడూ రాను" అంటాడు. ఆ మాట అన్నది సముద్రం మీద కోపంతో కాదు, నిద్ర లేక.

[తెర మీద పెద్ద అక్షరాలు: ఒకే ఊరు. ఒకే గది. కనీసం రెండు రాత్రులు.]

మూడు రాత్రులైతే ఇంకా మంచిది. మీ దిండు, మీరు రోజూ కప్పుకునే దుప్పటి కార్లో పెట్టుకోండి. పోయిన రోజు సాయంత్రం ఒడ్డున ఓ గంట నడిచి వస్తే చాలు, తెల్లారుజామున నీళ్ళలో దిగాలనే కార్యక్రమం రెండో రోజుకి పెట్టుకోండి.

[కెమెరా ముందు. దగ్గరి షాట్.]

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. "మా అమ్మకి యాడికీ రావడం ఇష్టం ఉండదు" అని చాలామంది పిల్లలు అంటారు. ఆమెని పక్కన కూర్చోబెట్టుకొని నిదానంగా అడిగి చూడండి. బయలుదేరే ముందురోజు అర్ధరాత్రి దాకా నిప్పట్లు కాల్చేది ఆమె. పులిహోర కలిపేది, ఇంటిల్లిపాది బట్టలు సర్దేది, అత్తగారి మాత్రలు గుర్తుపెట్టుకునేది ఆమె. అక్కడికి పోయాక తడిబట్టలు పిండి ఆరేసేది ఆమె, వచ్చాక ఇసుక దులిపేదీ ఆమే. ఇంటి చాకిరీ అంతా మూటగట్టుకొని పరాయి ఊరికి పోయి చేయమంటే ఎవరికి మనసొప్పుతుంది? ఆమె వద్దంటున్నది ఆ చాకిరీని. సముద్రాన్ని ఆమె సరిగ్గా చూసి కూడా ఉండదు, పాపం.

కాబట్టి పని పంచండి. ఎవరి బట్టలు వాళ్ళు సర్దుకోవాలి. తడిబట్టలు నాయన చూసుకోవాలి. మాత్రల డబ్బా పెద్దపిల్లకి అప్పజెప్పండి. ఇంట్లోంచి తీసుకుపోయే తిండి చెనిక్కాయల పొడి, ఊరగాయ, కాసిని బొరుగులు. వేడి అన్నం ఏ ఊర్లోనైనా దొరుకుతుంది, మన పొడి దొరకదు. ఇంటి రుచి నాలుక మీద పడితే ఇంటిపట్టు మనిషికి సగం బెంగ తీరుతుంది.

[మ్యాప్: కడప, సిద్ధవటం, బద్వేలు, ఆత్మకూరు, నెల్లూరు, మైపాడు. పక్కనే నీలం గీతగా పెన్నా నది.]

మరి ఏ బీచ్? కడపవాళ్ళకి నేను మైపాడే చెప్తాను. బద్వేలు దాకా పోతే 67వ నంబరు జాతీయ రహదారి ఆత్మకూరు మీదుగా నెల్లూరు చేరుస్తుంది. నెల్లూరు నుంచి మైపాడు పాతిక కిలోమీటర్ల లోపే. పొద్దున టిఫిన్ తిని బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి అక్కడ ఉంటాం. ఏదైనా ఇబ్బంది వస్తే ఆ పూటే వెనక్కి వచ్చేయొచ్చన్న ధైర్యం ఉంటుంది. ఇల్లు వదలడం కష్టమైనవాళ్ళకి ఆ ధైర్యం చాలా పెద్దది.

ఈ దారి నాకు ఇష్టం కావడానికి ఇంకో కారణం పెన్న. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, అనంతపురం జిల్లా దాటి, గండికోట దగ్గర కొండని కోసుకొని, సిద్ధవటం కోట పక్కనుంచి పారి, సోమశిల మీదుగా నెల్లూరు చేరుతుంది. మొత్తం 597 కిలోమీటర్లు నడిచి, మైపాడుకి కాస్త ఉత్తరాన బంగాళాఖాతంలో కలుస్తుంది. మన ఏరు పోయే చోటికే మనమూ పోతున్నాం. పిల్లలకి కార్లో ఈ మ్యాప్ చూపించండి. ఎక్కడెక్కడ పెన్న కనిపిస్తుందో వెతుక్కుంటూ వస్తారు, "ఇంకెంత దూరం" అని అడగరు.

[కెమెరా కిందికి దిగి నేల బండని చూపిస్తుంది.]

ఇదిగో, నేను కూర్చున్న ఈ బండ. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు క్వారీల్లోంచి తీసే సున్నపురాయి. కోట్ల ఏళ్ళ కిందట ఈ ప్రాంతంలో లోతులేని సముద్రం ఉండేది. దాని అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపు మట్టి గట్టిపడి ఈ రాయి అయింది. అందుకే పలకలు పలకలుగా చీలుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం మనం చల్లగా ఉందని వెల్లకిలా పడుకునేది ఒకప్పటి సముద్రపు నేల మీదే. సముద్రం మనకి చుట్టమే, కొంచెం దూరపు చుట్టం.

[మైపాడు తీరం, తెల్లవారుజాము. సూర్యుడు నీళ్ళలోంచి పైకి వస్తున్నట్టు.]

తూర్పు తీరంలో సూర్యుడు సముద్రం మీద ఉదయిస్తాడు. తెల్లారుజామునే లేచి కళ్ళాపి చల్లే అలవాటున్నవాళ్ళకి ఇది వరం. మే నెలలో ఆరు కాకముందే వెలుగు వస్తుంది. తొమ్మిది దాకా హాయిగా గడిపి గదికి వచ్చేయండి, మళ్ళీ నాలుగున్నర తర్వాత పోండి. మధ్యలో గదిలో పడుకోవడం టైము వృథా చేయడం కానే కాదు. నడిపొద్దున అతినీలలోహిత కిరణాలు చాలా బలంగా ఉంటాయి. పైనుంచి పడేవి చాలవన్నట్టు పొడి ఇసుక ఓ 15 శాతం, అలల నురగ ఓ 25 శాతం వెనక్కి కొడతాయి. గొడుగు కింద కూర్చున్నా మొహం కమిలేది అందుకే.

ఇంకొకటి. "కడప ఎండకే తట్టుకున్నాం, నెల్లూరు ఎండ ఎంత" అనుకోవద్దు. మనది పొడి ఎండ. చెమట పట్టీ పట్టగానే ఆరిపోయి ఒళ్ళు చల్లబడుతుంది. తీరంలో గాలే తడిగా ఉంటుంది, చెమట ఆరదు. థర్మామీటరు కడపలోకన్నా తక్కువ చూపిస్తున్నా ఒళ్ళంతా జిగటగా, నీరసంగా ఉంటుంది. ఆ నీరసాన్ని చూసి "నాకు సముద్రం పడదు" అని తేల్చేసినవాళ్ళు ఉన్నారు. ఉప్పేసిన పల్చటి మజ్జిగ, వదులు నూలు బట్టలు, ఫ్యాను కింద ఓ కునుకు. సరిపోతుంది. పొద్దెక్కేకొద్దీ నేల నీళ్ళకంటే ముందు వేడెక్కి, పైన గాలి లేచిపోయి, ఆ ఖాళీలోకి సముద్రపు గాలి వస్తుంది. సాయంత్రం ఒడ్డున కూర్చుంటే తగిలే గాలి అదే.

[ఒడ్డున కుర్చీలో కూర్చున్న మనిషి. ఎదురుగా మోకాలి లోతు నీళ్ళలో పిల్లలు. నిదానమైన షాట్.]

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంటిపట్టు మనిషిని చేయి పట్టి లాగి నీళ్ళలో దించాలని చూడకండి. వాళ్ళకి ఒడ్డున కూర్చోనివ్వండి. ఒకచోట కుదురుగా కూర్చొని అందరినీ కనిపెట్టుకొని ఉండటం వాళ్ళకి బాగా తెలిసిన పని. సముద్రం దగ్గర అంతకంటే పెద్ద పని లేదు.

ఎందుకంటే మునిగిపోయే మనిషి అరవడు. నోరు నీళ్ళ మట్టానికి మునుగుతూ లేస్తూ ఉంటే ఊపిరి పీల్చుకోవడానికే వ్యవధి చాలదు, కేక ఎక్కడ వేస్తాడు? చేతులు ఊపడం కూడా చేతకాదు, పక్కలకి చాపి నీళ్ళని కిందికి నొక్కుతూ ఉంటాడు. తల వెనక్కి వాలి ఉంటుంది, నోరు తెరిచి ఉంటుంది, ఒళ్ళు నిట్టనిలువుగా ఉంటుంది. దూరం నుంచి చూస్తే ఆడుకుంటున్నట్టే అనిపిస్తుంది. ఇదంతా ఒక నిమిషం లోపే. పక్కన పదిమంది ఉన్నా పట్టించుకోకపోవడం అందుకే జరుగుతుంది. చూసేవాళ్ళ చేతిలో ఫోన్ ఉండకూడదు. పావుగంటకి, ఇరవై నిమిషాలకి ఒకసారి ఇంకొకరు వచ్చి కూర్చోవాలి.

[డ్రోన్ షాట్ మీద గీతలు: రెండు పక్కల తెల్లని అలలు, మధ్యలో ముదురు రంగు పట్టీ. బాణం గుర్తు సముద్రంలోకి.]

ఒడ్డున కూర్చున్నవాళ్ళకి బాగా కనిపించేది ఇంకొకటి ఉంది, రిప్ కరెంట్. రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతుంటాయి, మధ్యలో ఒక పట్టీ మాత్రం నున్నగా, ముదురు రంగులో ఉంటుంది. ఇక్కడ అలలు లేవు, పిల్లలకి బాగుంటుంది అనుకొని దిగేది అక్కడే. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ వెనక్కి పోయే దారి అది. సెకనుకి రెండు మీటర్ల వేగం దాకా లాక్కుపోగలదు. మన ఊరి బావుల్లో, పెన్నలో ఈత నేర్చిన మొనగాళ్ళు కూడా దానికి ఎదురీదలేరు. చిక్కుకుంటే ఒడ్డు వైపు కొట్టుకోవద్దు, తీరానికి సమాంతరంగా పక్కకి ఈది ఆ పట్టీ దాటాలి. ఈత రాకపోతే వెల్లకిలా తేలి చెయ్యెత్తాలి. కాపాడాలని ఒడ్డున ఉన్నవాళ్ళు దూకితే ఇద్దరు పోతారు. ఖాళీ నీళ్ళ క్యాను మూత బిగించి విసరండి, తాడు ఉంటే తాడు విసరండి, దగ్గర్లో ఉన్న పల్లెకారుల్ని పిలవండి, 112కి ఫోన్ చేయండి. ప్రతి ఎండాకాలం మన తీరం నుంచి పిల్లలు పోయిన వార్త వస్తూనే ఉంది. వాళ్ళలో సముద్రం తెలియని లోపలి జిల్లాలవాళ్ళూ ఉంటారు. నాకు ఇది ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు.

హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ పెద్ద అలల హెచ్చరికలు ఇస్తుంది. పోయే ముందు చూసుకోండి. హెచ్చరిక ఉంటే ఆ రోజు ఇసుకలోనే ఆడుకోవాలి. మందు తాగినవాళ్ళు, చీకటి పడ్డాక ఎవరైనా సరే, నీళ్ళలోకి వద్దు.

[ఇసుకలో ఎర్ర పీతలు, దగ్గరి షాట్.]

నీళ్ళలో దిగకుండానే చూడదగ్గవి బోలెడు. ఎర్ర పీతలు బొరియల్లోంచి వచ్చి, అడుగు చప్పుడు తగలగానే లోపలికి దూరిపోతాయి. కదలకుండా కూర్చుంటేనే మళ్ళీ బయటికి వస్తాయి, కాబట్టి హడావుడి పిల్లలకంటే మనకే ఎక్కువ కనిపిస్తాయి. పోటూ ఆటూ కూడా గమనించండి. రోజుకి సాధారణంగా రెండు పోట్లు, ఒకదానికీ ఇంకోదానికీ దాదాపు 12 గంటల 25 నిమిషాలు. నిన్న తడిసిన గీత ఇవాళ ఏ టైముకి తడుస్తుందో పిల్లల చేత పుల్ల గుచ్చించి చూపించండి. సుమారు 50 నిమిషాలు ఆలస్యం అవుతుంది. పౌర్ణమికి, అమావాస్యకి నీళ్ళు ఇంకాస్త పైదాకా వస్తాయి.

[ఇంటి ముందు. కారు డిక్కీ తెరిచి ఉంది.]

తిరిగి రావడం ఆదివారం రాత్రికి పెట్టుకోవద్దు, శనివారమే వచ్చేయండి. ఆదివారమంతా ఇంట్లో ఉంటే సోమవారం స్కూలుకి, ఆఫీసుకి మనిషి మనిషిలా పోతాడు. బట్టలు ముందు మంచినీళ్ళలో జాడించి, తర్వాత సబ్బు పెట్టండి. కారు కింది భాగం కూడా మంచినీళ్ళతో కడిగించండి, ఉప్పు నిలిస్తే తుప్పు పడుతుంది. ఈ పనులు ఎవరెవరు చేయాలో బయలుదేరేటప్పుడే మాట్లాడుకొని ఉండాలి.

అనంతపురం వైపు నుంచి గోకర్ణ దారి అడిగినవాళ్ళకి వేరే వీడియో చేస్తాను. ఉంటాను మరి.