నీళ్లు చూడండి, దిగకండి: కెయిర్న్స్ నుంచి కేప్ ట్రిబ్యులేషన్ దాకా కారులో

నమస్తే అండీ. ఈ బీచ్ చూడండి. కొండ మీది అడవి నేరుగా ఇసుకలోకి దిగిపోయింది. ఎండ బాగుంది, అలలు పెద్దగా లేవు. అయినా నీళ్లలో ఒక్క మనిషి లేడు. ఎందుకు లేడో అదిగో, ఆ పసుపు బోర్డు చెబుతుంది. నోరు తెరిచిన మొసలి బొమ్మ, ఇంగ్లీషులో హెచ్చరిక, దాని పక్కనే జర్మన్‌లో 'అఖ్టుంగ్', అంటే జాగ్రత్త. దాడి జరిగితే గాయపడొచ్చు, ప్రాణమే పోవచ్చు అని కింద రాసి ఉంది. డొంకతిరుగుడేం లేదు.

ఇది ఆస్ట్రేలియాలో ఈశాన్య మూల, క్వీన్స్‌లాండ్. జులైలో కెయిర్న్స్‌లో కారు అద్దెకు తీసుకుని, ఉత్తరంగా కేప్ ట్రిబ్యులేషన్ దాకా వెళ్లాం. సుమారు 140 కిలోమీటర్లు. డ్రైవింగ్ నాది. పక్క సీట్లో మా బావ. ఈ వీడియోలో సగం గొడవ ఆయనదే.

కెప్టెన్ కుక్ హైవే ఎక్కాక పామ్ కోవ్ దాటగానే సముద్రం పక్కకి వచ్చేస్తుంది. ఇక్కడా మనలాగే ఎడమవైపు నడపాలి, స్టీరింగ్ కుడివైపు. వెళ్లేటప్పుడు సముద్రం కుడిపక్క. అంటే వ్యూ అంతా డ్రైవర్ కిటికీలోనే, రోడ్డు నుంచి చూపు తిప్పకూడనిది కూడా డ్రైవరే! "నీకు సముద్రం, నాకు కొండ రాళ్లా బావా?" అని ఆయన ఒకటే నస. ఆ కొండనీ తక్కువ అంచనా వేయకండి. 2023 డిసెంబరులో జాస్పర్ తుఫాను వానలకి ఈ రోడ్డు మీద చరియలు విరిగిపడి రాకపోకలు ఆగిపోయాయి. వానాకాలంలో వెళ్తే రోడ్డు తెరిచి ఉందో లేదో ముందే చూసుకోండి.

పోర్ట్ డగ్లస్, మాస్‌మన్ దాటాక డెయిన్‌ట్రీ నది వస్తుంది. వంతెన లేదు. ఉక్కు తాళ్ల మీద నడిచే ఫెర్రీ ఎక్కితే ఐదు నిమిషాల్లో అవతలి ఒడ్డు. ఊరి కరెంటు లైన్లు ఆ నది దాటి రావు. అవతల అంతా సోలార్, జనరేటర్లే. ఫోన్ సిగ్నల్ కూడా దాదాపు ఉండదు. మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోవడం నేను మరిచిపోయాను. రోడ్డు ఒక్కటే కాబట్టి బతికిపోయాం.

ఫెర్రీ ఎక్కే ముందు నది మీద గంటసేపు పడవలో తిరిగాం. ఇక్కడ జులై అంటే చలికాలం, అప్పుడు మొసళ్లు ఒళ్లు వేడెక్కించుకోవడానికి బయటికి వస్తాయి. పోటు తగ్గి బురద ఒడ్డు తేలితే ఇంకా బాగా కనిపిస్తాయి. ఈ క్లిప్ చూడండి. మొదట నాకేం కనిపించలేదు, ఒడ్డున పడిన దుంగ అనుకున్నాను. తర్వాత ఆ దుంగకి కన్ను కనిపించింది. ఒంటి మీద బురద ఎండి పెచ్చులు లేస్తోంది. నోరు తెరిచే ఉంది, కోపంతో కాదు, తల మరీ వేడెక్కకుండా అలా తెరుచుకుంటుంది. పడవ ఇంజన్ ఆపేశారు. ఐదు నిమిషాలు చూశాం, రెప్ప కూడా కదల్లేదు. ఉన్నట్టుండి నీళ్లలోకి జారింది. చప్పుడు లేదు, అల లేదు. అంత శరీరం మోకాలి లోతు నీళ్లలో ఎలా మాయమైందో ఫుటేజ్ స్లో చేసి చూసినా నాకు అర్థం కాలేదు. పడవలో అప్పటిదాకా వాగుతున్న మా బావ కూడా నోరు మూసుకున్నాడు.

దీన్ని ఉప్పునీటి మొసలి అంటారు, ఇక్కడివాళ్లకి 'సాల్టీ'. మగది ఆరు మీటర్ల దాకా పెరగగలదు. పేరు చూసి మోసపోకండి. నాలుక మీద ఉప్పుని బయటికి పంపే గ్రంథులు ఉంటాయి కాబట్టి సముద్రంలో ఈదుతుంది, నదిలో ఉంటుంది, మంచినీటి వాగులోకీ ఎక్కుతుంది. మొసలికి నీళ్లలో స్థానబలం అంటాం కదా, ఈ రోడ్డు పక్కన నీళ్లు లేనిదెక్కడ? ఒకప్పుడు తోలు కోసం వీటిని దాదాపు తుడిచిపెట్టేశారు. 1974లో క్వీన్స్‌లాండ్ వేట నిషేధించాక మళ్లీ పుంజుకున్నాయి.

అసలు విషయానికి వస్తాను. ఆ రాత్రి టెంట్ వేసుకున్నాం. నీటి అంచుకి 50 మీటర్లైనా దూరంగా వేయాలన్నది ఇక్కడి నియమం, పాటించాం. సాయంత్రం బావ వాగు దగ్గరికి వెళ్లి టీ గిన్నె కడుక్కొచ్చాడు. పొద్దున్నే మళ్లీ గిన్నె పట్టుకుని బయల్దేరాడు. పక్క టెంట్‌లో ఉన్న స్థానిక పెద్దాయన ఆపి ఒకటే అడిగాడు: "నిన్న కూడా అక్కడే కడిగావా?"

బావ అవునన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపి, తన క్యాన్‌లోంచి నీళ్లు పోసిచ్చాడు. మొసలి మొదటిసారి గమనిస్తుందట, రెండోసారి కాచుకుని ఉంటుందట. నీటి అంచుకి ఐదు మీటర్ల దూరంలో ఉండండి, ఒకే చోటికి పదే పదే వెళ్లకండి, చేపల తుక్కు ఒడ్డున పడేయకండి అని అధికారులు చెప్పేది కూడా అందుకే. మనం కనబడిన మొసలికి భయపడతాం. కనబడని మొసలి మన అలవాటుని చూస్తూ ఉంటుంది. ఆ మాట విన్నాక నాకు అసలు టెన్షన్ మొదలైంది.

మిగతా దారి హాయిగా సాగింది. కాసోవరీలు, అంటే ఎగరలేని పెద్ద పక్షులు, రోడ్డుకి అడ్డం వస్తాయి, మెల్లగా వెళ్లండి. ఒకచోట పైన బతికున్న కాసోవరీ బొమ్మ, దాని కింద స్పీడ్ బ్రేకర్ బోర్డు, ఆ కింది బొమ్మని ఎవరో చిలిపివాళ్లు పడి చచ్చిన కాసోవరీలా మార్చారు. ఎన్ని మాటలు చెప్పినా అంత బాగా ఎక్కదు.

కేప్ ట్రిబ్యులేషన్ దగ్గర తారు రోడ్డు అయిపోతుంది. ఆపైన బ్లూమ్‌ఫీల్డ్ ట్రాక్, ఫోర్ వీల్ డ్రైవ్ లేకుండా వెళ్లకూడదు. 1770లో ఇంగ్లీషు నావికుడు జేమ్స్ కుక్ ఓడ ఇక్కడికి దగ్గర్లోనే పగడపు దిబ్బకి గుద్దుకుంది. ట్రిబ్యులేషన్ అంటే కష్టం; తన కష్టాలు ఇక్కడే మొదలయ్యాయని ఈ కొనకి ఆ పేరు పెట్టాడు. మేం ఇసుక మీద, నీటికి దూరంగా కూర్చుని బ్రెడ్డు తిని వెనక్కి తిరిగాం. ఈసారి సముద్రం బావ వైపు.

కెయిర్న్స్ చేరాక హోటల్ స్విమ్మింగ్ పూల్. మూడు రోజులుగా నీళ్లు నీళ్లని కలవరించిన మనిషి తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లి, గట్టుకి ఐదు మీటర్ల ఇవతల ఆగి, మెడ సాచి అడుగంతా చూశాడు. ఆ క్లిప్ ఆయనకి తెలియకుండా తీశాను. ఇదిగో.